వాసన లేని గుంత

ఆ ఉదయం షెడ్డులో ఉన్నవాళ్లం నలుగురం: ప్లాంటు మేనేజరు మేడం, మిషను చూపించడానికి బాలానగర్ నుంచి వచ్చిన కంపెనీ ఆయన, మోల్డులు శుభ్రం చేసే మామ, నేను. ఉన్న సామాను ఇది. చక్రాల మీద నిలబడ్డ మిషను ఒకటి, నా నడుము ఎత్తు ఉంటుంది. దానికి గాలినిచ్చే కంప్రెసరు. మందపాటి థర్మోకోల్ పెట్టెలో డ్రై ఐస్ గుళికలు, అంటే గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్, బియ్యపు గింజలకన్నా కాస్త లావు, తూకం ఇరవై మూడు కిలోలు. చెవులకు పెట్టుకునే డొప్పలు నాలుగు జతలు. తోలు గ్లవ్సులు రెండు జతలు. గోడకు, నా తల ఎత్తున, మేకుకు తగిలించిన కార్బన్ డయాక్సైడ్ మీటరు. మూడో నంబరు ప్రెస్సు, అందులో ఇంకా వేడిగానే ఉన్న మోల్డు. ప్రెస్సు కింద ఐదడుగుల లోతు గుంత.

నోటుబుక్కులో గుంతను ఆఖరున రాసుకున్నాను. ఇప్పుడు రాయాల్సి వస్తే మొదట రాస్తాను.

మాది నాచారంలో రబ్బరు రింగులు, వాషర్లు చేసే చిన్న యూనిట్టు. ముడి రబ్బరును ఇనుప మోల్డులో పెట్టి వేడి ప్రెస్సులో ఒత్తుతాం. ఒత్తిన ప్రతిసారీ మోల్డు గాడుల్లో సన్నటి నల్ల పొర మిగులుతుంది. అది పేరుకుంటే రింగు మీద మచ్చలు పడతాయి, కొన్నవాళ్లు సరుకు వెనక్కి పంపుతారు. అందుకని మోల్డును అప్పుడప్పుడూ కడగాలి. కడగడానికి మా దగ్గర ఇన్నేళ్లుగా ఒకటే పద్ధతి. ప్రెస్సు ఆపాలి, మోల్డు విప్పాలి, చల్లారనివ్వాలి, వేడి కాస్టిక్ సోడా నీళ్ల తొట్టిలో ఒక పూట నానబెట్టాలి, తీసి థిన్నర్ పోసి తీగ బ్రష్షుతో రుద్దాలి. రోజు గడిచిపోతుంది. రెండు డ్రమ్ముల నల్లనీళ్లు మిగులుతాయి, వ్యర్థాల లారీ వచ్చేదాకా వాటిని గోడవార దాచిపెట్టాలి. బ్రష్షు తీగలు మోల్డు అంచుల్ని అరగదీస్తాయి. థిన్నర్ ఆవిరి మనిషిని అరగదీస్తుంది.

ఆ మనిషే మామ. నాగారం నుంచి పాత బండి మీద వస్తాడు. ఇరవై ఆరేళ్లుగా ఇదే షెడ్డు, ఇదే తొట్టి. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీసే ముందు కళ్లు మూసుకుని అరనిమిషం ప్రార్థన చేసుకుంటాడు. ఆ అరనిమిషం బల్ల దగ్గర ఎవరూ మాట్లాడరు, మామ వాళ్ల చర్చికి ఎన్నడూ వెళ్లనివాళ్లు కూడా. అందరిముందూ నన్ను సారు అంటాడు. ఎవరూ లేకపోతే, చుట్టరికం ఏమీ లేకున్నా, అల్లుడా అంటాడు.

మా షెడ్డులో ఒక ఆచారం ఉంది. ఎక్కడా రాసి లేదు. పొద్దున తాళం తీశాక మొదట మామ ఒక్కడే లోపలికి వెళతాడు. తొట్టి దగ్గర, థిన్నర్ డ్రమ్ము దగ్గర, ప్రెస్సు గుంతల దగ్గర నిలబడి ముక్కుతో గాలి పీలుస్తాడు. తర్వాత గుమ్మం వైపు తిరిగి చెయ్యి ఎత్తుతాడు. ఒక వేలు ఎత్తితే లోపలికి రావచ్చు. రెండు వేళ్లయితే ఫ్యాన్లు వేసి కాసేపు ఆగాలి. అరచెయ్యి చూపిస్తే బయటే ఉండాలి. ఒకసారి థిన్నర్ డ్రమ్ము బిరడా వదులైతే, ఎవరికీ ఏమీ తెలియకముందే మామ అరచెయ్యి చూపించాడట. అప్పటినుంచి ఆ ముక్కుకు ఎదురు చెప్పినవాళ్లు లేరు. నా డబ్బా మూత తీయకముందే "ఇయ్యాల గూడ నిన్నటి పప్పేనా సారు" అని అడుగుతాడు. ఒక్కసారి కూడా తప్పు కాలేదు.

నాకు మాత్రం ముక్కు మీద నమ్మకం లేదు. మా నాన్న ప్రభుత్వ ప్రయోగశాలలో టెక్నీషియనుగా చేసి రిటైరయ్యాడు. సీసాను ముక్కు దగ్గరికి తీసుకెళ్లే పిల్లవాడికి చెయ్యి మీద దెబ్బ పడే ఇల్లు మాది. అయినా పొద్దున్నే గుమ్మం దగ్గర నిలబడి మామ వేళ్ల కోసం చూసేవాణ్ని. అందరూ చూస్తారు గనక నేనూ చూసేవాణ్ని.

మేడం నాకు అప్పజెప్పిన పని చిన్నదే. గాలి ఒత్తిడితో గుళికల్ని మోల్డు మీదికి చిమ్మే ఈ డ్రై ఐస్ మిషను తీసుకోవచ్చా, వద్దా, ఒక కాగితం మీద రాసివ్వాలి. సంతకం నాది. వచ్చినాయన చెప్పినవి వింటూ నోటుబుక్కులో రెండు వరసలు గీసుకున్నాను, ఒకవైపు ఆయన మాట, ఇంకోవైపు నా అనుమానం.

నీళ్లు అక్కర్లేదన్నాడు. రాసుకున్నాను. కాస్టిక్ అక్కర్లేదు, థిన్నర్ అక్కర్లేదు, కాబట్టి నల్లనీళ్ల డ్రమ్ములు ఉండవన్నాడు. మోల్డును విప్పక్కర్లేదు, చల్లార్చక్కర్లేదు, ప్రెస్సులో ఉండగానే శుభ్రం చేయొచ్చన్నాడు. ఇసుకతో కొట్టినట్టు ఇనుము అరగదు, ఎందుకంటే గుళిక మెత్తనిది. సున్నాకు డెబ్బై ఎనిమిది డిగ్రీల దిగువన ఉండే ఆ చలికి మురికి బిగుసుకుని పగులుతుంది, గుళిక తగిలీ తగలగానే ఆవిరై ఉబ్బి పెచ్చును లేపేస్తుంది అని వివరించాడు. ఇది నేను చదువుకున్న దానికి సరిపోయింది. సరిపోయింది గనక ఇంకా అనుమానం వచ్చింది. అమ్మేవాడు చెప్పినవన్నీ నిజమే అయితే, చెప్పనిది ఏదో ఉండి ఉంటుంది.

"ఏమీ మిగలదు సార్. జీరో," అన్నాడు చివర్లో.

ఆ మాట దగ్గర పెన్ను ఆపాను. గుళిక మాయమవుతుంది, సరే. మురికి ఎక్కడికి పోతుంది? ఆ గ్యాసు ఆకాశంలోకే కదా పోయేది, మరి పర్యావరణానికి మేలు ఎట్లా అని కూడా అడిగాను. వేరే ఫ్యాక్టరీలు ఎలాగూ వదిలేసే గ్యాసునే పట్టి గడ్డకట్టిస్తారని, మనం కొత్తగా పుట్టించేది ఏమీ లేదని అన్నాడు. నా వరసలో ఇలా రాసుకున్నాను: కొత్తది కాదు, కానీ సున్నా కూడా కాదు. గడ్డకట్టించడానికి కరెంటు అయింది. లెక్క అడగాలి.

గుళికలు ఉప్పల్ నుంచి నేనే తెచ్చాను, వాళ్ల తూకం మీద నమ్మకం లేక. బయలుదేరినప్పుడు ఇరవై నాలుగు కిలోలు, షెడ్డుకు చేరేసరికి ఇరవై మూడు. దారిలో ఒక కిలో గాలిలో కలిసింది. మూసిన బండిలో ఈ సరుకు తేకూడదని నాకు తెలుసు. ఆ గ్యాసు పేరుకుంటే ఊపిరాడదు. ఆటోకు ఎలాగూ తలుపులు ఉండవు, అయినా రెండు పక్కలా వాన పరదాలు పైకి చుట్టించాను. డ్రైవరు అద్దంలోంచి నన్నూ పెట్టెనూ మార్చి మార్చి చూశాడు. ఉప్పల్ రింగురోడ్డు సిగ్నలు దగ్గర, పెట్టెలో ఏదైనా పాణం ఉన్నదా అని అడిగాడు. ఐస్ అన్నాను. నమ్మలేదు.

ఆటోలో అంత జాగ్రత్తపడ్డవాణ్ని షెడ్డులోకి రాగానే ఇంకో సంగతి వెంట పడ్డాను. ‘జీరో’ అన్నమాట అబద్ధమని తేల్చాలి, అదే పట్టుదల. ప్రెస్సు చుట్టూ ప్లాస్టిక్ పట్టా పరిపించాను. రాలిన పెచ్చులన్నీ ఊడ్చి తూకం వేద్దామన్నాను. పట్టా మీద పడనివి గుంతలో పడతాయి కాబట్టి, అవి కూడా ఎత్తాలని మామకు చెప్పాను. చెప్పింది నేనే. ఈ వాక్యం రాయకుండా మిగతాది రాస్తే అది కూడా అమ్మేవాడి మాటే అవుతుంది.

మిషను మొదలైంది. చెవి డొప్పల్లోంచి కూడా ఆ చప్పుడు పళ్లకు తగిలింది. కంపెనీ ఆయన గొట్టం పట్టుకుని మోల్డు మీద అటూ ఇటూ తిప్పుతుంటే తెల్లటి పొగ ప్రెస్సు అంచుల మీంచి జారి, నేలమీద పాకి, గుంతలోకి దిగిపోయింది. నల్లటి గాడులు బూడిద రంగుకు, తర్వాత ఇనుము రంగుకు తిరిగాయి. ఇరవై రెండు నిమిషాలు. ఒక పూట తొట్టి పని, ఒక పూట బ్రష్షు పని ఇరవై రెండు నిమిషాల్లో అయిపోయింది. గోడమీది మీటరు ఎక్కువలో ఎక్కువ పద్దెనిమిది వందలు చూపించింది, అంటే పదిలక్షల పాళ్ల గాలిలో అన్ని పాళ్లు. ఎనిమిది గంటల పనికి ఐదు వేల దాకా పరవాలేదని లెక్క. రాసుకున్నాను.

మిషను ఆపాక మామ గుంత అంచున వంగి గాలి పీల్చాడు. వెనక్కి తిరిగి ఒక వేలు ఎత్తాడు.

"ఏం వాసన లేదు సారు," అన్నాడు. చీపురు, చేట తీసుకుని నిచ్చెన మెట్ల మీద దిగాడు. పదకొండు ఇరవైకి దిగాడని, పదకొండు ఇరవై ఐదుకు పైకొచ్చాడని నా పుస్తకంలో ఉంది. పైకొచ్చి పెచ్చుల కవరును తూకం మీద పెట్టి, చీటీ మీద అంకె రాసి అంటించి, చెయ్యి కడుక్కుని వస్తానని బయటికి వెళ్లాడు. నేను అప్పటికే కంపెనీ ఆయనతో మురికి గురించి వాదనలో ఉన్నాను.

తిరిగొచ్చాక మామ మాట్లాడిన తీరే నాకు నచ్చలేదు. మా షెడ్డుకు ఏ కొత్త వస్తువు వచ్చినా మొదట వెక్కిరించేది మామే. లేజరు థర్మామీటరు తెస్తే దానికంటే తన ఉమ్మి నయమన్నాడు, తడి వేలు ఇనుముకు తగిలించి వేడి చెప్పగలనని. అట్లాంటి మనిషి మేడం ముందు నిలబడి, మస్తు మిషిను అని, పదేండ్ల కింద రావాల్సింది అని, ఎప్పుడు కొంటున్నరని అడుగుతున్నాడు. కంపెనీ ఆయన నవ్వుతూ మామ భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యిని చూశాను. వీళ్లిద్దరికీ ముందే మాటలయ్యాయా? నోటుబుక్కులో ఆ ప్రశ్న కూడా రాశాను. ఇప్పుడు ఆ పేజీ తీస్తే సిగ్గేస్తుంది గానీ, చింపలేదు.

సాయంత్రం షెడ్డు ఖాళీ అయ్యాక కవరును మళ్లీ తూకం వేశాను. ఏదైనా రెండుసార్లు తూచడం నా అలవాటు. మామ చీటీ మీద పద్నాలుగు గ్రాములని ఉంది. తూకం నలభై ఒకటి చూపించింది. కవరు దించి మళ్లీ పెట్టాను. నలభై ఒకటి.

మామ అంకెలు తప్పడు. రబ్బరులో కలిపే గంధకం గ్రాముల్లో తూచేది మామే, రెండేళ్లలో నేను పట్టుకున్న తప్పు ఒక్కటి లేదు. కాబట్టి ఇది తప్పు కాదు, తగ్గించి రాసిన లెక్క అనుకున్నాను. ‘ఏమీ మిగలదు’ అన్నమాటకు సాక్ష్యం తయారు చేశాడు. చీటీని జేబులో పెట్టుకుని బయటికి వచ్చాను.

గేటు ఎదుట ఛాయ్ బండి దగ్గర మామ ఇంకా ఉన్నాడు. తన బండికి స్టాండు వేసి దానిమీదే కూర్చుని ఉన్నాడు. మామూలుగా ఆ వేళకు నాగారం దారిలో సగం దూరంలో ఉంటాడు. చీటీ చూపించి, తూకం ఎంత వచ్చిందో చెప్పాను.

"నలభై ఒకటా," అని చీటీని కళ్లకు దూరంగా పట్టుకుని చూశాడు. "అంకెలు ఉల్టా పడ్డయ్."

"నీకు అంకెలు ఉల్టా పడవు మామా."

గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. "గీ మిషిను మీద నీకు ఏం పగ అల్లుడా? పిల్లనిచ్చేటోని లెక్క ఆరా తీస్తున్నవ్."

నేను నవ్వలేదు. కంపెనీ ఆయన నీతో ఏం మాట్లాడాడని అడిగాను. మామ ముఖం మారింది. కోపం కాదు. నాలాంటివాడు ఇంతవరకే చూడగలడని అప్పుడే తెలుసుకున్నట్టు చూశాడు.

"తల తిరిగింది," అన్నాడు. "గుంతల. నాలుగుసార్లు ఊడ్సిన్నో లేదో, గుండె దడదడ కొట్టుకున్నది, ఊరికినట్టు ఊపిరి. చెమటలు. నిచ్చెన ఎట్ల ఎక్కిన్నో నాకే యాదిలేదు. చీటీ రాసేటప్పుడు కండ్ల ముందర అంకెలు ఆడినయ్."

 అప్పుడు గుర్తొచ్చింది, ఆ తెల్లటి పొగ నేలమీద పాకుతూ ఎటు పోయిందో. కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా బరువు. తొమ్మిదో తరగతి పిల్లవాడికి తెలుసు. నేను మీటరును నా తల ఎత్తున తగిలించి, మనిషిని ఐదడుగుల కిందికి దించాను.

"ఎందుకు చెప్పలేదు మామా?"

"చెప్తె నువ్వు రాస్తవ్. రాస్తె మేడం మిషిను వాపస్ పంపిస్తది. మల్ల నేను తొట్టి కాడికి పోవాలె."

చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు, అందులో నాలుగు మడతల కాగితం. దవాఖానా చీటీ. ఆవిర్లు, ఘాటు వాసనలు ఉన్న పని చేయకూడదని డాక్టరు రాసి, కింద గీత గీసింది. తారీకు చూస్తే నాలుగు నెలలయింది. ఆఫీసులో చూపిస్తే పని మాన్పిస్తారని భయపడి ఎవరికీ చూపించలేదట. ఇంట్లో కూడా దగ్గు మందు చీటీ అని చెప్పాడట. రిటైరవడానికి ఇంకా మూడేళ్లు. ఈ మిషను వస్తే ఆవిరి ఉండదు, తొట్టి ఉండదు, గొట్టం పట్టుకోవడం తను నేర్చుకుంటాడు, మూడేళ్లు గడిచిపోతాయి. లేకపోతే ఇల్లు, లేదా తొట్టి. పొద్దుట్నుంచి ఆయన పొగుడుతున్నది మిషనును కాదు.

ఇవేవీ బయటపెట్టనని నాతో ఒక మాట అనిపించుకోవాలని చూశాడు. నేను అనలేదు. దవాఖానా చీటీ సంగతి ఎవరికీ చెప్పనన్నాను. గుంత సంగతి రాయకుండా ఉండలేనన్నాను. మామ గ్లాసు ఛాయ్ బండి మీద పెట్టి, తన బండి కిక్కు కొట్టి వెళ్లిపోయాడు. ఆ రోజు నన్ను అల్లుడా అని మళ్లీ పిలవలేదు.

రెండో రోజు కొత్త గుళికలు తెప్పించి, అదే ప్రెస్సు మీద, అంతేసేపు మిషను నడిపించాను. గుంతలోకి ఎవరూ దిగకుండా నాలుగు వైపులా తాడు కట్టాను. మీటరును సుతిలి దారంతో పొడుగాటి పైపు చివర కట్టి మెల్లగా కిందికి దించి, కాసేపు పట్టుకుని, పైకి లాగి, మీటరు దాచిపెట్టిన అతి పెద్ద అంకెను చదివాను. గుంత అంచున ఆరు వేల రెండు వందలు. సగం లోతులో పంతొమ్మిది వేలు. అడుగున ముప్పై ఎనిమిది వేలు. పావుగంట సేపటికైనా సరే ముప్పై వేలు దాటకూడదు.

మేడం ఆ అంకెను రెండుసార్లు చదివించుకుంది. కంపెనీ ఆయన, గాలి ఆడే చోటే వాడాలని మిషను వెంట ఇచ్చిన తమ పుస్తకంలో ఉందని, ఏ పేజీయో కూడా చెప్పాడు. చెప్పనిది ఏదో ఉందనుకున్నానే, అది ఇదే. కానీ పుస్తకంలో ఉంది, నేనే చదవలేదు. మామ తూకం బల్ల పక్కన నిలబడి నేలవైపు చూస్తున్నాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు, వేళ్లు కనబడకుండా.

"అయితే వద్దని రాస్తావా?" అని అడిగింది మేడం.

ఆ క్షణంలో వద్దు అనడం చాలా తేలిక. అనుమానించేవాడికి వద్దు అన్నమాట ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటుంది, ఎవరూ తప్పు పట్టరు. కానీ నా జాబితాలో ఇంకో వరస కూడా ఉంది. తొట్టి ఆవిరికి ఇరవై ఆరేళ్లలో ఒక్క మీటరు కూడా ఎవరూ తగిలించలేదు. అది వాసనేస్తుంది గనక అందరికీ తెలిసినదైపోయింది. ఇది వాసనేయదు గనక మంచిదైపోయింది. రెండు లెక్కలూ తప్పే.

మిషను బాగుంది, గుంత బాగాలేదు అన్నాను. ఒక్కరోజు గడువు అడిగాను. వెల్డింగు షాపు నుంచి ఎగ్జాస్టు ఫ్యాను తెచ్చి, దానికి ముడతల గొట్టం బిగించి, గొట్టం మూతిని గుంత అడుగుకు ఒక జానెడు ఎత్తున పెట్టించాను. ఇంకో చివర గోడ దాటి, మనుషులు తిరగని వెనక సందులో పైకప్పు ఎత్తున తెరుచుకుంటుంది. గుంత మీద ఇనుప జల్లెడ వేయించి దానిమీద పట్టా పరిపించాను, పెచ్చులు అక్కడే ఆగేలా. అంటే మామూలు రోజుల్లో దిగాల్సిన పనే ఉండదు. మామ గొట్టానికి బిగింపులు వేశాడు.  ఒక బిగింపు నేను వేస్తే, దాన్ని విప్పి మళ్లీ తనే వేశాడు.

మూడో రోజు మిషను గొట్టం మామ చేతికి ఇచ్చాం. కంపెనీ ఆయన పక్కన నిలబడి చూపించాడు. తోలు గ్లవ్సుల్లో మామ చేతులు పెద్దగా కనిపించాయి. మొదట తడబడ్డాడు, తర్వాత గాడుల వెంట గొట్టాన్ని బ్రష్షు తిప్పినట్టే తిప్పాడు. ఇరవై ఏడు నిమిషాలు పట్టింది. తొట్టి మీద మూత వేసి ఉంది, దాని దగ్గరికి ఎవరూ పోలేదు.

మిషను ఆపాక మామ అలవాటుగా గుంత అంచున వంగి గాలి పీల్చాడు. పీల్చి, చెయ్యి ఎత్తబోయి ఆగాడు. పైపు తీసుకుని మీటరును తనే కిందికి దించాడు. నేను వాచీ చూస్తూ నిలబడ్డాను. మేడం కాగితం పట్టుకుని నిలబడింది. పైకి లాగిన మీటరును మామ కళ్లకు దూరంగా పట్టుకుని చూసి, నాకు ఇచ్చాడు.

"సదువు అల్లుడా. నా కండ్ల మీద నీకు నమ్మకం లేదు గద," అన్నాడు, అందరి ముందే.

చదివాను. మామ ఒక వేలు ఎత్తాడు. తీసుకోవచ్చని, ఫ్యాను తిరగకుండా మిషను వేయకూడదని, మీటరు గుంత అడుగున చూడకుండా ఎవరూ దిగకూడదని రాసి, కింద సంతకం పెట్టాను.

మూడో రోజు, పదకొండు ఇరవై నాలుగుకు, గుంత అడుగున: వెయ్యిన్నూట నలభై.